బదులు మనిషి

ఆ విశ్వవిద్యాలయంలో జన్యుశాస్త్రం చదివే పిల్లల్లో ఒక పాత హాస్యం ఉంది. చుట్టాలెవరైనా "చదువయ్యాక ఏం చేస్తావు?" అని అడిగితే "ఈగలు తోలుకుంటా" అనేవాళ్ళు. అబద్ధమేమీ కాదు. మూడో అంతస్తు చివరి గది నిండా గాజు సీసాలు, సీసాల నిండా పండ్ల ఈగలు. మొక్కజొన్న పిండి, చక్కెర, ఈస్టు కలిపి ఉడికించిన మేత అడుగున గడ్డకట్టి ఉంటుంది. పైన దూది బిరడా. వారం వారం ఈగల్ని కొత్త సీసాల్లోకి మార్చాలి. లేకపోతే మేత బూజుపట్టి, ఏళ్ళ తరబడి కాపాడుకొచ్చిన సంతతి అంతా నాశనమవుతుంది.

ఆ పని పెద్దక్కది. ఆమె ఆ ఈగల గది నడిపే ప్రొఫెసర్ దగ్గర ఆరేళ్ళుగా పరిశోధన చేస్తోంది. చిన్న తరగతుల వాళ్ళకి ఆమె అసలు పేరు కూడా తెలియదు.

పిడుగుది ఎమ్మెస్సీ ఆఖరి సంవత్సరం. నోరు విప్పితే ఉరుమే కాబట్టి హాస్టల్లో ఆ పేరు స్థిరపడిపోయింది. అలాంటి పిల్ల కూడా ఆ నెలంతా తేల్చుకోలేక సతమతమైంది. ఇక్కడే ప్రొఫెసర్ దగ్గర చేరాలా, వేరే ఊళ్ళో పరిశోధన సంస్థకి వెళ్ళాలా, లేక చదువు చాలించి విత్తనాల కంపెనీలో ఉద్యోగం చూసుకోవాలా? ఆసుపత్రిలో నర్సుగా చేసే వాళ్ళమ్మ ఫోన్‌లో విసుక్కుంది.

"ఏదైనా చదువు, ఎక్కడైనా చదువు. కానీ తేల్చు. గోడ మీద పిల్లిలా ఎన్నాళ్ళే?"

తేల్చింది పెద్దక్కే. సూక్ష్మదర్శిని పక్కన కూచోబెట్టుకుని, కుంచె మొనతో ఆడ ఈగల్నీ మగ ఈగల్నీ వేరుచేయడం నేర్పుతూ, "ఇక్కడే చేరవే. సార్ కాస్త కోపిష్టి గానీ మనసు వెన్న" అంది. ఒకసారి కాదు, కూచున్నప్పుడల్లా అంది. పిడుగు నమ్మింది.

ఒక మధ్యాహ్నం ప్రొఫెసర్ గదిలోకి పిలిచాడు.

"చేరుతున్నావుగా? రేపట్నించే పెద్దమ్మాయి దగ్గర పని పట్టు. సీసాలు, మేత, డిగ్రీ పిల్లల పేపర్లు దిద్దడం, నా క్లాసులకి స్లయిడ్లు. నీకు చెయ్యి తిరిగిందంటే ఆ అమ్మాయిని వదిలేస్తా."

"వదిలేయడమంటే ఏంటి సార్?"

"థీసిస్ మీద సంతకం పెట్టి పంపేస్తా. పోయినేడే ఇచ్చిందిలే. అప్పుడే పెట్టేస్తే ఈగల్ని ఎవరు చూస్తారు, నువ్వా నేనా?" అని తన మాటకి తనే నవ్వుకున్నాడు. "బదులు మనిషిని చూపించి వెళ్ళమన్నాను. నిన్ను చూపించింది. మంచి పిల్లనే చూసింది."

పిడుగు "ఆలోచించుకుంటా సార్" అని మాత్రం అని బయటికొచ్చింది. నడవా దాటేసరికి అరికాలి మంట నెత్తికెక్కింది. ఈగల గది తలుపు తోసిన తోపుకి గోడ అదిరింది.

"నన్ను గుంజకి కట్టేసి నువ్వు పలుపు తెంచుకు పోదామనా?"

పెద్దక్క వెనక్కి తిరగలేదు. "మెల్లిగా. సీసా జారుతుంది."

"జారనీ! బద్దలవనీ! మనసు వెన్నట! ఎవరి మనసు?"

పెద్దక్క సీసా కింద పెట్టింది. తిరిగినప్పుడు ఆమె మొహం ఎప్పుడూ చూసే మొహం కాదు.

"అవును, చేశాను. తెలిసే చేశాను. నాకు ముందున్న ఆవిడ కూడా నాకీ మాటే చెప్పింది. రెండు ఉద్యోగాలు గుమ్మం దాకా వచ్చి వెళ్ళిపోయాయి, చేతిలో పట్టా లేదని. ఆయన కొడుక్కి లెక్కలు చెప్పాను. ఇల్లు మారితే పుస్తకాలు పెట్టెల్లో సర్దాను. ఇంకెన్నాళ్ళు? సరే, నా మీద అరుస్తున్నావు. అక్కడ, ఆయన ఎదురుగా, నోరు లేచిందా నీకు? పిడుగట, పిడుగు! పడితే నా నెత్తినే పడాలా?"

ఆ మాట చెంపదెబ్బలా తగిలింది. నిజమే, లేవలేదు. పిడుగుకి తన మీద తనకే రోత పుట్టింది. గిర్రున వెనక్కి తిరిగింది.

"ఎక్కడికి? ఆగు! నా సంతకం పోతుందే!"

"నీ సంతకం సంగతి నాకెందుకు? నా సంగతి నువ్వు చూశావా?"

ప్రొఫెసర్ అప్పటికి శాఖాధిపతి గదిలో టీ తాగుతున్నాడు. పిడుగు తలుపు తట్టలేదు.

"సార్, నేను మీ దగ్గర చేరను. ఈగల్ని చూసుకోడానికి మనిషి దొరికితేనే అక్క థీసిస్ మీద సంతకం పెడతానన్నారు. ఆ మనిషిని నేను కాను."

శాఖాధిపతి కప్పు దించాడు. "ఏంటయ్యా ఇది?"

"చిన్నపిల్ల. ఏదో అపార్థం చేసుకుంది."

"అపార్థమైతే అక్కని పిలిచి అడగండి!"

పిలిచే పని లేకపోయింది. వెనకే పరిగెత్తుకొచ్చిన పెద్దక్క గుమ్మంలో రొప్పుతూ నిలబడి ఉంది. ప్రొఫెసర్ గొంతులోకి తేనె తెచ్చుకుని, "నువ్వు చెప్పమ్మా. నేనలా అన్నానా?" అన్నాడు.

లేదంటే ఆమెకి సంతకం దక్కేది. ఆ సంగతి ఆ గదిలో అందరికీ తెలుసు. పెద్దక్క పిడుగు వైపు నరికేసేలా చూసింది. తర్వాత ఆయన వైపు తిరిగింది.

"అన్నారు సార్. చాలాసార్లే అన్నారు. ఇవాళ్టి నించి సీసాలు మీరే మార్చుకోండి."

ఆయన నిజంగానే మార్చబోయాడు. మొదటి రోజే సగం ఈగలు చెయ్యి జారి అధ్యాపకుల గదిలో టీ కప్పుల మీద వాలాయి. మూడో వారానికి ఒక బల్ల మీది సీసాలన్నీ బూజుపట్టాయి. శాఖాధిపతి సంతకం పెట్టించాడు. జాలితో కాదు, గొడవ పైవాళ్ళ దాకా పోతుందన్న భయంతో. ప్రొఫెసర్ పగ మాత్రం మానలేదు. పెద్దక్క గురించి ఎవరడిగినా "నమ్మదగ్గ మనిషి కాదు" అనేవాడు. ఆమెకి ఓ చిన్న కాలేజీలో ఉద్యోగం దొరికేసరికి మరో ఏడాది గడిచింది.

పిడుగు వేరే ఊరి సంస్థకి ముందు ఊరికే చూడ్డానికి వెళ్ళింది. అక్కడి శాస్త్రవేత్త యంత్రాలు చూపిస్తానంటే, "తర్వాత చూస్తానండీ. ముందు మీ విద్యార్థులతో మాట్లాడాలి, మీరు లేకుండా" అంది. ఆవిడ కాస్త నొచ్చుకుంది, కానీ ఒప్పుకుంది. పిడుగు క్యాంటీన్లో కూచుని, అక్కణ్నించి పట్టా పుచ్చుకు వెళ్ళినవాళ్ళు ఎలా వెళ్ళారో ఒక్కొక్కరినీ గుచ్చి గుచ్చి అడిగింది. ఆ తర్వాతే చేరింది.

బయల్దేరే రోజు బస్టాపులో పెద్దక్క కనబడింది.

"నువ్వు చేసింది నా కోసం కాదని తెలుసు" అంది పెద్దక్క.

"కాదు. నువ్వు చెప్పిన నిజం కూడా నా కోసం కాదు."

"కాదులే. ఆయన్ని చూస్తే కడుపు మండింది."

బస్సొచ్చింది. బరువైన పెట్టెని చెరో పక్కా పట్టుకుని పైకెక్కించారు. పెద్దక్క దిగిపోయింది. ఎవరూ చెయ్యి ఊపలేదు.

ఆ రాత్రి అమ్మ ఫోన్ చేసి, "చేరావుగా. ఇంకా గొంతులో ఆ కోపమేంటే? ఎవరి మీద?" అంది.

"ఆయన మీద. తర్వాత అక్క మీద" అంది పిడుగు. "తగ్గదమ్మా, తగ్గమని చెప్పకు."