పదీ నలభై తర్వాత బీపీ

దయామణి సిస్టరు ప్రసూతి వార్డులో నిలబడి పాఠం చెబుతోంది, కాకపోతే వార్డు గోడలు ఎక్కడికో వెనక్కి జరిగిపోయి, మంచాలన్నీ నర్సింగు స్కూలు బెంచీల్లా వరసగా అమరిపోయి ఉన్నాయి, నేల మీద ఫినాయిల్ నీళ్లు చీలమండల దాకా నిలిచి ఉన్నా పిల్లలెవరూ కాళ్లు ఎత్తుకోవడం లేదు. "తల్లిని, బిడ్డను, కుటుంబాన్ని వేరు చేసి చూడకూడదు. ఇది మొదటి సూత్రం, రాసుకోండి," అంటోంది. ఇరవై రెండేళ్లుగా అంటున్న మాటే. పొద్దున వార్డులో డ్యూటీ, మధ్యాహ్నం స్కూల్లో పాఠం. శ్రీరంగనీతులు చెప్పడంలో ఆవిడకు ఆ జిల్లాలో సాటి లేదు.

మొదటి బెంచీలో ఒక పిల్ల రాసుకోవడం లేదు. దగ్గరికెళ్లి చూస్తే అది విద్యార్థిని కాదు, పైడమ్మ. పదకొండు రోజుల కింద ఇదే వార్డులో, మూడో మంచం మీద, తొలికాన్పయిన గంటా నలభై నిమిషాలకు రక్తం పోయి చచ్చిపోయిన పైడమ్మ. ఆ సంగతి దయామణికి తెలుసు, అయినా వింతగా అనిపించదు, పాఠం మధ్యలో వచ్చి కూర్చుందే అని చిరాకు మాత్రం వేస్తుంది.

"లేచి నిలబడమ్మా," అంటుంది.

"నిలబడితే కారతాది సిస్టరమ్మా," అంటుంది పైడమ్మ, మర్యాదగానే.

దయామణి ముక్కు ముడుచుకుంటుంది. పచ్చినెత్తురు వాసన, తడిసిన పాతగుడ్డల వాసన, వాటి మీద పోసిన ఫినాయిల్ వాసన, ఇన్నేళ్లలో అలవాటైపోయాయనుకున్నవన్నీ ఇవాళ కొత్తగా ముక్కుకు తగులుతున్నాయి.

"రెండో సూత్రం ఏటి?" అంటుంది పైడమ్మ.

"కాన్పయిన తల్లిని రెండు గంటల పాటు పావుగంటకోసారి చూడాలి. నాడి, బీపీ చూడాలి, పొట్ట మీద చెయ్యి వేసి గర్భసంచి గట్టిపడిందా లేదా చూడాలి, రక్తం ఎంత పోతోందో చూడాలి."

"నన్ను ఎన్నిసార్లు సూసినారు?"

దయామణి జేబులోంచి షీటు తీస్తుంది, అది తీస్తున్న కొద్దీ గజాల కొద్దీ వస్తూనే ఉంటుంది. "ఇదిగో, ఎనిమిది సార్లు. తొమ్మిదింపావు నుంచి పదకొండు దాకా. ప్రతిసారీ నూటిరవై బై ఎనభై."

పైడమ్మ వేలు పెట్టి ఒక్కో గడీ చూసుకుంటూ వెళ్లి చివర్లో ఆగుతుంది. "పదీ నలబైకి గదా నా పేణం పోనాది. పదీ ముప్పావుకి నూటిరవై బై ఎనబై అన్నారు. పదకొండుకీ అదే. సచ్చిపోనాక కూడా నా బీపీ బాగున్నాదన్నమాట."

ఆ వార్డులో అదొక ఆచారం, దానికి ముందురాత అని ఒక ముద్దుపేరు కూడా ఉంది. కాన్పవగానే రెండు గంటల గళ్లూ ఒకేసారి నింపేస్తారు. తర్వాత తీరిక దొరికితే చూస్తారు, దొరక్కపోతే చూసినట్టే. దయామణికి ఆ విద్య పెద్ద సిస్టరు నేర్పింది, దయామణి తన వెనక వచ్చినవాళ్లందరికీ నేర్పింది. పైడమ్మ పోయిన రోజు పొద్దున తనిఖీ బృందం వస్తోందంటే దయామణి స్టూలెక్కి గోడకు పోస్టర్లు అంటిస్తోంది. 'ప్రతి తల్లి మాటా విందాం' అని ఉంది వాటి మీద. తలుచుకుంటే ఆవిడకు రోత పుడుతుంది.

"మా యమ్మ స్టూలు కాడికొచ్చి సెప్పినాది గదా," అంటుంది పైడమ్మ. "మూడు గుడ్డలు మార్సినాను, రగతం ఆగనేదు సిస్టరమ్మా అని. మీరేటన్నారు?"

ఏమన్నదో దయామణికి మాట పొల్లుపోకుండా గుర్తుంది. కాన్పన్నాక రక్తం పోదా, పెద్ద డాక్టరమ్మవి బయలుదేరావు, తనిఖీ అయ్యేదాకా బయట కూర్చో అంది. ఆ మాటే ఒప్పుకుందామని నోరు తెరిస్తే మూడో సూత్రం బయటికొస్తుంది. "కుటుంబసభ్యులు చెప్పేది శ్రద్ధగా వినాలి." పిల్లలందరూ తలలు వంచి రాసుకుంటారు.

"సెయ్యి ఎయ్యండి," అంటుంది పైడమ్మ. "ఇప్పుడైనా సూడండి." ఆవిడ చేతిని తనే పట్టుకుని పొట్ట మీద పెట్టుకుంటుంది. కొబ్బరికాయలా గట్టిగా తగలాలి అని క్లాసులో చెబుతుంది దయామణి. ఇది నానిన పిండిలా మెత్తగా ఉంది, చెయ్యి మణికట్టు దాకా దిగిపోతోంది. ఛీ అని లాక్కుని కుళాయి దగ్గరికి పరిగెడితే కుళాయిలోంచి నీలంసిరా పడుతుంది, ఎంత కడిగినా చేతులు ఇంకా నీలంగా అవుతున్నాయి, పైడమ్మ ఆ కుళాయి పక్కనే గట్టు మీద కూర్చుని కాళ్లాడిస్తూ ఉంది.

"ఈయేల ఆ కాయితం మీద సంతకం ఎట్టేస్తారేటి?"

సాయంత్రం నాలుగింటికి పైడమ్మ మరణం మీద విచారణ ఉంది. కాగితం సూపరింటెండెంటు గారు ముందే టైపు చేయించారు. ఇంటివాళ్లు దొంగచాటుగా తాగించిన నాటుమందు వల్ల రక్తస్రావం జరిగిందట. నిజానికి తాగించింది పైడమ్మ తల్లి సూరమ్మ, తాగించినది అరగ్లాసు జీలకర్ర కషాయం. దయామణి సంతకం పడితే ఆ అబద్ధానికి ఇక తిరుగులేదు.

"మా యత్తోరు మా యమ్మని గుమ్మం ఎక్కనివ్వట్నేదు," అంటుంది పైడమ్మ. "మందెట్టి కూతుర్ని సంపినావు, బిడ్డని కూడా సంపుతావా అంటన్నారు. కాయితం రానీ, నీ పని సెప్తామంటన్నారు. మా యమ్మకి ఆ గుంట తప్ప ఇంకెవులున్నారు?"

"నిజం చెబితే నా ఉద్యోగం పోతుంది పైడమ్మా. ఇంకా ఆరేళ్ల సర్వీసుంది. అందరూ అలాగే రాస్తారు."

"అందరూ రాస్తారు," అని ఒప్పుకుంటుంది పైడమ్మ. "సచ్చినది నాను."

తిట్టినా బాగుండేది. తిట్టదు. దయామణికి తన నోరు, తన చేతులు, ఇస్త్రీ చేసుకున్న తన తెల్లకోటు, అన్నీ చూస్తే కంపరమెత్తుతోంది. "నాలుగో సూత్రం సెప్పండి, పిల్లలు ఎదురు సూస్తన్నారు," అంటుంది పైడమ్మ, దయామణి ఎంత వెతుక్కున్నా నోట్లో ఇంకేమీ లేదు, నూటిరవై బై ఎనభై అంటుంది, క్లాసంతా నూటిరవై బై ఎనభై అని వల్లిస్తూ రాసుకుంటుంది, రాసుకుంటూనే ఉంటుంది.

మెడ పట్టేసి మెలకువ వచ్చింది. డ్యూటీ గదిలో బల్ల మీద తలవాల్చి పడుకుని ఉంది, టైపు చేసిన కాగితం మోచేతి కింద నలిగి ఉంది. మధ్యాహ్నం మూడూ ఇరవై. ఎదురు కుర్చీలో వనజ ఏదో రాసుకుంటోంది. దయామణి దగ్గర చదువుకుని ఈ ఏడే ఉద్యోగంలో చేరిన పిల్ల.

"ఏడో మంచం కాన్పయింది మేడం. మూడుంపావుకి. మగపిల్లాడు."

"షీటేదీ?"

వనజ ఇచ్చింది. మూడున్నర నుంచి ఐదుంపావు దాకా గళ్లన్నీ నిండి ఉన్నాయి. అన్నిటిలోనూ నూటిరవై బై ఎనభై. చివరి గడిలో సిరా ఇంకా ఆరలేదు.

"అప్పుడే రాసేశావేం?"

"మీరు చెప్పినట్టే మేడం. ముందు నింపేసుకోమన్నారు కదా," అంది ఆ పిల్ల, ఏ కల్మషమూ లేకుండా.

దయామణి షీటు బల్ల మీద పెట్టింది. లేచి ఏడో మంచం దగ్గరికి వెళ్లింది. పొట్ట మీద చెయ్యి వేసింది, గట్టిగానే ఉంది. బీపీ చూస్తే నూట పది బై డెబ్భై. బిడ్డనెత్తుకుని పక్కనే నిలబడిన ముసలావిడతో, "గుడ్డ తొందరగా తడిసిపోతుంటే నా దగ్గరికి రా అమ్మా, ఎవరడ్డొచ్చినా సరే," అంది. వెనక్కి వచ్చి వనజ చేతికి కొత్త షీటు ఇచ్చి, చూసింది మాత్రమే రాయమంది. వనజ బిత్తరపోయి చూసింది.

తర్వాత కూర్చుని, టైపు చేసిన నాలుగు వరసలూ కొట్టేసి, కింద తన చేత్తో రాసింది. 'మూడో మంచం తల్లిని కాన్పయ్యాక నేను ఒక్కసారి కూడా చూడలేదు. అంకెలు ముందే రాశాను. రక్తం ఆగడం లేదని ఆమె తల్లి సూరమ్మ వచ్చి చెప్పింది, నేనే బయటికి పంపాను. ఆమె తాగించింది జీలకర్ర కషాయం.' సంతకం పెట్టింది. టైము వేయబోతూ ఆగి, గోడ గడియారం వైపు తలెత్తి చూసి, మూడూ నలభై ఒకటి అని వేసింది.