అక్క చానెల్

ఆ సౌండ్ మిక్సర్ కొత్తగా ఉన్నప్పుడే చవక సరుకు. ఎనిమిది చానెళ్ళు, రేకు పెట్టె, కాస్త గట్టిగా తోస్తే చేతికి ఊడొచ్చే మీటలు. పాతికేళ్ళుగా అక్క పాడిన ప్రతి పాటా అందులోంచే వెళ్ళింది. దాని వెనక కూర్చుని నడిపేది తమ్ముడు. ఎవరైనా దాన్ని డబ్బా అంటే అతనికి ఒళ్ళు మండేది.

ఇప్పుడు ముందు గదిలో బల్ల మీద దాన్ని బోర్లా పడేసి, పొట్ట విప్పి కూర్చున్నాడు. దీనికంతటికీ కారణం హోటల్ మేనేజరు. ఆ హోటల్ భోజనాల హాల్లో వారాంతాల్లో అక్క పాడుతుంది. ఇల్లు గడిచేది ఆ పాట మీదే. మేనేజరు మర్యాదస్తుడు, ఎవర్నీ నొప్పించి ఎరగడు. తమ్ముణ్ణి పక్కకి పిలిచి, ఈమధ్య సౌండు ముద్దగా వస్తోందని, వినేవాళ్ళు గొణుగుతున్నారని, ఇలాగే ఉంటే వేరే ఏర్పాటు చూసుకోక తప్పదని నసిగాడు. మర్యాదస్తుల మాటకి అర్థం వెతుక్కోవాలి. తమ్ముడికి అంత తెలివి ఎక్కడేడ్చింది? సౌండంటే సౌండే అనుకున్నాడు. ఇంటికొచ్చి అక్కకి చెప్పాడు. అక్క మాత్రం తేలిగ్గా నవ్వేసింది. తప్పు మిక్సర్ బోర్డుదైతే బోర్డునే బాగుచెయ్యమంది.

పనిలో దిగాక అతన్ని పట్టలేం. ఎండిపోయి ఉబ్బిన కెపాసిటర్లన్నీ పీకి కొత్తవి సోల్డర్ చేశాడు. గరగరలాడే మీటలు విప్పి కడిగాడు. ఎప్పుడూ గుయ్యిమనే ట్రాన్స్‌ఫార్మర్‌ని పెట్టెలోంచి వెళ్ళగొట్టి, వేరే డబ్బాలో దూరంగా పెట్టాడు. మైకు తగిలించే అక్క చానెల్లో పాత చిప్పు తీసేసి, పెద్ద స్టూడియోల్లో వాడే రకం కూర్చోబెట్టాడు. మిక్సర్ రిపేరన్న మాట ఎలా పాకిందో, పక్కింటావిడ వంటింటి మిక్సీని చంకన పెట్టుకుని వచ్చింది. కాదనలేక దాని బ్రష్షులూ మార్చి పంపాడు.

అన్నీ బిగించి స్విచ్చు వేస్తే స్పీకర్లలో గుయ్యిమనడం, గరగర ఏమీ లేవు. పొంగిపోయి అక్కని పిలిచి మైకు ముందు నిలబెట్టాడు. హెడ్‌ఫోన్లు తగిలించుకుని రికార్డింగు నొక్కాడు.

అక్క పాడింది. పైకి వెళ్ళేసరికి గొంతు చీలింది. మాటకీ మాటకీ మధ్య గాలి వినబడింది. పల్లవి చివర స్వరం నిలబడలేక వణికి జారిపోయింది. అతను మైకు మార్చాడు, వైరు మార్చాడు. పక్క చానెల్లో పెట్టి చూశాడు. దగ్గరగా పాడమన్నాడు, దూరంగా జరగమన్నాడు. ఎన్నిసార్లు పాడించినా అదే తంతు.

అప్పటికి తెలిసొచ్చింది. పాత చానెల్ బుస్సుమంటోందని ఏటా ట్రెబుల్ మీట కాస్త కాస్త తగ్గించి పాట పదును చంపుతూ వచ్చింది తనే. పాట ముద్దయిందని దానిమీద ఎకో పోసిందీ తనే. ఆ బురద కింద అక్క గొంతు ఎప్పుడు అరిగిపోయిందో ఇద్దరికీ తెలియలేదు. ఆ చవక పెట్టే ఇన్నాళ్ళూ ఆమె పరువు కాపాడుతూ వచ్చింది. తన చేతులు తనే విరగ్గొట్టుకోవాలనిపించింది అతనికి.

"ఏదీ, నన్నూ విననీ," అంది అక్క.

"ఇంకా పని కాలేదక్కా. ఎక్కడో తేడా చేసినట్టున్నాను. పాతవే మళ్ళీ పెట్టేస్తాను."

అతను అబద్ధమాడితే ముఖం చూసి పట్టేసే మనిషి ఆమె. ఇంకేమీ అడక్కుండా హెడ్‌ఫోన్లు అతని తలమీంచి తీసుకుంది. కళ్ళు మూసుకుని పాట చివరిదాకా వింది. మళ్ళీ మొదటినుంచి పెట్టమంది. ఈసారి పాటతో పాటు పెదవులు కదిలాయి. గొంతు చీలిన చోట ఆగిపోయాయి.

"గుయ్యిమనడం అస్సలు లేదురా," అంది హెడ్‌ఫోన్లు బల్ల మీద పెడుతూ. "చాలా బాగా చేశావు. మేనేజరుకి ఫోన్ చేసి బోర్డు బాగైందని చెప్పు. పాడటానికి మాత్రం ఇంకెవర్నైనా చూసుకోమను."

అతను కాళ్ళావేళ్ళా పడ్డాడు. డాక్టరుకి చూపిద్దామన్నాడు, కొన్నాళ్ళు గొంతుకి విశ్రాంతినిద్దామన్నాడు. ఆమె వినిపించుకోలేదు. వినేవాళ్ళకి ఎప్పట్నుంచి తెలుసో, ఎంతమంది మొహమాటానికి చప్పట్లు కొట్టారో అని మాత్రం గొణుక్కుంది. తనే నంబరు నొక్కి, స్పీకరు పెట్టి, ఫోను అతని చేతికిచ్చింది.

మేనేజరు సంగతంతా విన్నాడు. తర్వాత హమ్మయ్య అన్నట్టు ఊపిరి వదిలాడు. గొంతు పోయిందని ఆవిడ ముఖం మీద ఎలా అనాలో తెలియక సౌండు మీదికి నెట్టానని, ఏమీ అనుకోవద్దని అన్నాడు. కొత్తమ్మాయిని ముందే చూసి పెట్టాడట.

"బోర్డు బాగైందంటున్నావుగా. శనివారం నుంచి ఆ అమ్మాయికి నువ్వే వచ్చి బోర్డు వెనక కూర్చుంటావా?"

అక్క అంతా వింది. ఇక ఇంట్లోకి నాలుగు మెతుకులు ఎక్కణ్ణుంచి రావాలో ఇద్దరికీ తెలుసు. ఆమె అతని వైపు చూసి, ఒప్పుకోమన్నట్టు తలూపింది.

"వస్తానండి," అన్నాడు తమ్ముడు.