గోడకి అడుగు దూరం

ఇమొజీన్‌కి తోడికోడలు వనీటా చేసిన ఏ పనీ నచ్చదు. బాగుండక కాదు, బాగుండబట్టే నచ్చదు. చర్చిలో అందరూ కలిసి భోంచేసే ఆదివారాల్లో వనీటా పీచ్ పళ్ళతో చేసి తెచ్చిన కాబ్లర్ అనే తీపి వంటకం గిన్నెని జనం అడుగు కనిపించేదాకా గోకేవాళ్ళు. ఇమొజీన్ తెచ్చిన బంగాళాదుంపల సలాడ్ సగానికి సగం ఇంటికి తిరిగొచ్చేది. ఆ సగం సలాడ్‌ని సోమవారం, మంగళవారం కూడా తింటూ ఆమె మొగుడు రాయిస్ ఒక్క మాట అనేవాడు కాదు. అలా అనకపోవడం ఆమెకి ఇంకా మండేది.

టిల్లరీ అన్నదమ్ములిద్దరి ఇళ్ళూ రోడ్డుకి అటొకటి ఇటొకటి. ఇద్దరికీ చెరొక చెక్క కొట్టం. మామగారు ఒకే ఏడు, ఒకే అడవి కలపతో, ఒకే కొలతల్లో రెండూ కట్టించి, పెద్దకొడుకు రాయిస్‌కి ఒకటి, చిన్నకొడుకు డ్యూయీకి ఒకటి ఇచ్చాడు. తేడా అన్నది రాకూడదనే ఆ పెద్దమనిషి అంత జాగ్రత్తపడ్డాడు. పాపం, ఆయనకి కోడళ్ళ సంగతి తెలియదు. వనీటా తన కొట్టం చుట్టూ గులాబీరంగు చామంతులు పెంచింది. అక్టోబరు వచ్చిందంటే దారినపోయేవాళ్ళు కార్లాపి ఫొటోలు తీసుకునేవాళ్ళు. రోడ్డుకి ఇవతల అచ్చం అలాంటి కొట్టమే ఇంకొకటి ఉందని ఎవరూ తలతిప్పి చూసేవాళ్ళు కాదు. వంటింటి కిటికీలోంచి ఇమొజీన్ మాత్రం ఆ కార్లు చూస్తూ గిన్నెలు తోమేది. ముప్ఫై ఆరేళ్ళుగా తోముతోంది.

ఆ ఏడు మార్చిలో, రాత్రంతా వాన పడి తెల్లారి ఎండ కాసిన పూట, ఇమొజీన్ కొట్టం మూల స్తంభంలోంచి ఈసుళ్ళు లేచాయి. రాయిస్ ఒక సీసాలో గుప్పెడు పట్టుకొచ్చి వంటింటి బల్లమీద పెట్టాడు.

"చెదలే. అడుగు దూలం ఒకచోట గుల్లయింది. అవతల డ్యూయీ వాళ్ళకి కూడా కనిపించాయట. ప్రూయిట్‌ని రమ్మన్నాం."

"వాళ్ళకి కూడానా?" అంది ఇమొజీన్. ఆ మాటలో ఊరట వినిపించి రాయిస్ సీసా మూత గట్టిగా బిగించాడు.

చెదల మందు కొట్టే ప్రూయిట్ ముందు అవతల కొట్టం చూసి, తర్వాత ఇవతలకి వచ్చాడు. మోకాళ్ళమీద కూర్చుని, టార్చి వేసి, స్క్రూడ్రైవర్ పిడితో దూలాన్ని తట్టి తట్టి చూశాడు. తర్వాత వరండాలో తియ్యటి టీ తాగుతూ సంగతి చెప్పాడు.

"మూడు దారులున్నాయమ్మా. ఒకటి, గోడ చుట్టూ సన్నగా కాలువ తవ్వి మట్టిలో మందు పోస్తాం. ఆ మట్టి దాటి రాబోయిన చెద చస్తుంది. పని తొందరగా అవుతుంది. రెండోది ఎర. పది అడుగులకొకటి చొప్పున నేలలో డబ్బాలు పాతిపెడతాం. చెదలు ఆ ఎర తిని, గూటికి మోసుకుపోయి, మిగతావాటికీ పంచుతాయి. కాస్త ఆలస్యమైనా గూడు గూడంతా పోతుంది. మూడోది, రంగు వెయ్యని చెక్కకి ఉప్పులాంటి మందు పూయడం. అది లోపల చెక్కకే, వాన తగిలేచోట నిలవదు."

ఇమొజీన్ అంతా విని ఒకే ఒక్క ప్రశ్న వేసింది. "అవతలివాళ్ళు ఏది తీసుకున్నారు?"

"వనీటాగారా? ఎర. గోడ చుట్టూ పూలమొక్కలున్నాయి కదా, కాలువ తవ్వితే అవన్నీ పీకాలి."

"అయితే మాకు కాలువే తవ్వండి."

"ఒకసారి మీ ఆయన్ని కూడా..." అంటూ ప్రూయిట్ రాయిస్ వైపు చూశాడు. రాయిస్ టీ గ్లాసులోకి చూసుకున్నాడు.

"మరి ఒక్క మాట గట్టిగా చెబుతున్నా," అన్నాడు ప్రూయిట్. "మందు పోశాక గోడకి అడుగు దూరం లోపల మట్టి కదపకూడదు. తవ్వకూడదు, మీద కొత్త మట్టి పోయకూడదు, ఎండిన పైన్ ఆకులు పరచకూడదు. కదిపారంటే మందు ఉన్నా లేనట్టే. చెదలు మళ్ళీ వస్తే మేమే ఉచితంగా చూస్తామని రాసిచ్చే బాండ్ కూడా చెల్లదు."

ఇమొజీన్ కాగితంమీద సంతకం పెట్టింది. పెడుతున్నంతసేపూ ఆమె చూపు రోడ్డవతలే ఉంది. ఆ ఆదివారం చర్చి మెట్లమీద పదిమందిలో అంది: "మేం అసలైన మందే పోయించాం. కొంతమంది చెదలకి తిండి పెట్టి మేపుతున్నార్ట." వనీటా పక్కనే నిలబడి నవ్వింది. ఆ నవ్వులో ఎత్తిపొడుపు ఎక్కడుందా అని ఇమొజీన్ సాయంత్రందాకా వెతికింది. దొరకలేదు.

ఏప్రిల్లో మనవరాలు కాలీ వచ్చింది, వేలికి ఉంగరంతో. పెళ్ళి అక్టోబరులో. కొట్టంలోనే చేసుకుంటానంది. ఇమొజీన్ ఆ పిల్లని పొత్తిళ్ళలో ఉన్నప్పట్నించీ పెంచింది. తన కొట్టం అటకకి కట్టిన తాడుమీద ఊగీ ఊగీ పెరిగిన పిల్ల. పెళ్ళి ఇంకెక్కడ జరుగుతుంది?

"నాకూ ఇక్కడే చేసుకోవాలనుంది నానమ్మా," అంది కాలీ గోళ్ళు చూసుకుంటూ. "కానీ ఇది మరీ బోడిగా ఉంది. అక్టోబరులో చిన్ననానమ్మ వాళ్ళ కొట్టం చూశావుగా, ఆ చామంతుల ముందు ఫొటోలు దిగితే... జూన్‌లో చెప్తాలే. ఏమీ అనుకోవుగా?"

"ఏమనుకుంటానే," అంది ఇమొజీన్. అనుకోవలసినవన్నీ ఆ రాత్రికి రాత్రే అనేసుకుంది. కాబ్లర్ పోతే పోయింది. కార్లు పోతే పోయాయి. తన మనవరాలు పెళ్ళికూతురై ఆ మనిషి వాకిట్లో నిలబడుతుందా?

మర్నాడే రోడ్డు దాటి వెళ్ళింది. చామంతి పిలకలు కాసిని కావాలని అడిగింది. అడగడానికి నోరు రాక ముందు ఎండ గురించి, తర్వాత డ్యూయీ మోకాలి నొప్పి గురించి మాట్లాడి, అప్పుడడిగింది.

వనీటా ముఖం విప్పారింది. "ఎన్ని కావాలంటే అన్ని తీసుకో అక్కా. ఇన్నేళ్ళకి అడిగావు. మా అమ్మ ఇచ్చినవే ఇవన్నీ." అప్పటికప్పుడు పార తెచ్చి పన్నెండు దుబ్బులు వేళ్ళతో సహా తీసి, తడిగుడ్డలో చుట్టింది. "ఎక్కడ నాటుతావు?"

నీ కొట్టంలాగే నా కొట్టానికీ నాటుతానని చెప్పడానికి ఇమొజీన్ ప్రాణం ఒప్పలేదు. "ఉత్తరాల డబ్బా దగ్గర," అంది.

"అక్కడ ఎండ బాగా తగులుతుంది. ఇదిగో, మొక్క ఇచ్చినందుకు థాంక్స్ మాత్రం చెప్పకూడదు, తెలుసుగా. చెబితే బతకదు."

తెలియకేం? ఆ చుట్టుపక్కల పుట్టినవాళ్ళందరికీ తెలిసిందే. వాళ్ళ ఆచారాలన్నిట్లోకీ ఇమొజీన్‌కి నచ్చింది ఇదొక్కటే. హాయిగా మూట చంకన పెట్టుకుని, ఏమీ అనకుండా వచ్చేసింది.

కొట్టానికి రోడ్డు నుంచి కనిపించని పక్క ఒకటుంది, పచ్చికబయలు వైపు. పెళ్ళికూతురు నడిచివచ్చేది అటునుంచే. అక్కడ గోడని ఆనుకుని ఇమొజీన్ జానెడు లోతు తవ్వింది. నాలుగు బళ్ళ మెత్తటి మట్టి తెచ్చి చెక్కల దాకా ఎత్తుగా పోసింది. దుబ్బులు నాటి, పైన పైన్ ఆకులు పరిచింది. రాయిస్ వచ్చి టోపీ వెనక్కి నెట్టుకుని చూశాడు.

"ప్రూయిట్ ఏదో అడుగు దూరమన్నాడు కదే?"

"అది ట్రాక్టరు తోలేవాళ్ళకి చెప్పిన మాట. ఇవి పూలు. చామంతి వాసనకి పురుగు అసలు దగ్గరకే రాదు."

"ఎవరన్నారు?"

"నేనంటున్నా."

ముప్ఫై తొమ్మిదేళ్ళు కాపురం చేసిన మనిషి కనక రాయిస్ టోపీ సర్దుకుని వెళ్ళిపోయాడు. ఇమొజీన్ రోజూ సాయంత్రం ఆ మడికి నీళ్ళు పెట్టింది. మొక్కలు ఒత్తుగా లేచాయి. జూన్‌లో కాలీ వచ్చి మడి చూసి నానమ్మ మెడ వాటేసుకుంది. పెళ్ళి ఇక్కడే అని తేల్చేసింది.

ఆ వార్త వనీటాకి చెప్పే పని ఇమొజీన్ ఇంకెవరికీ వదలలేదు. చర్చి భోజనాల దగ్గర, కాబ్లర్ గిన్నె పక్కనే నిలబడి చెప్పింది. "కాలీకి నా కొట్టమే కావాలట. ఎంత చెప్పినా వినలేదు."

వనీటా చేతిలో కాగితం రుమాలుని నాలుగు మడతలు పెట్టింది. "మంచిదక్కా. బాగుంటుంది," అంది. అంటూనే మరో మడత పెట్టింది. ఇమొజీన్‌కి ఆ రోజు తన సలాడ్ కూడా రుచిగా ఉన్నట్టనిపించింది.

సెప్టెంబరు చివర్లో, పెళ్ళి ఇంకో మూడు వారాలుందనగా, ప్రూయిట్ తనిఖీకి వచ్చాడు. అవతల డబ్బాలన్నీ తెరిచి చూసి వచ్చాడు. ఎర తినడం ఎప్పుడో ఆగిపోయిందట, బతికున్న చెద ఒక్కటీ లేదట. "మనదీ అంతే," అంటూ ఇమొజీన్ అతన్ని కొట్టం వెనక్కి తీసుకెళ్ళింది. మడి చూసి ప్రూయిట్ ఆగిపోయాడు.

"ఇక్కడ మట్టి ఎవరు తవ్వారమ్మా?"

అతను వంగి, పైన్ ఆకులు పక్కకి తీశాడు. కింద పెన్సిలంత లావున మట్టి దారులు, ఒకటి కాదు, పదీ పన్నెండు, చామంతుల మొదళ్ళ పక్కనుంచి గోడ చెక్కలమీదికి పాకి ఉన్నాయి. స్క్రూడ్రైవర్ తీసి అడుగు దూలంలోకి గుచ్చాడు. పిడిదాకా దిగింది. మూల స్తంభంలో కూడా అలాగే దిగింది.

"మందు మట్టి తీసేసి, మంచి మట్టి పోసి, రోజూ నీళ్ళు పెట్టి, పైన దుప్పటి కప్పారు," అన్నాడు మెల్లగా. "మార్చిలో గుల్లయిన దూలం, బయటినుంచి రాకుండా ఆపితే చాలుననుకున్నా. మీరు వాటికి తలుపు తీసిపెట్టారు. కొట్టం ఎత్తిపట్టి దూలం, స్తంభం మార్చాలి. క్రిస్మస్ దాకా పడుతుంది. అప్పటిదాకా పదిమంది కూడా లోపల గంతులెయ్యడానికి వీల్లేదు."

ఇమొజీన్ చామంతుల వంక చూసింది. మొగ్గలు నిండా ఉన్నాయి. అవి చూస్తుంటే ఆమెకి ఒకటే తట్టింది. ఇచ్చింది ఎవరు? అడగ్గానే నవ్వుతూ పన్నెండు దుబ్బులు తీసిచ్చింది ఎవరు? చెప్పులైనా మార్చుకోకుండా రోడ్డు దాటింది.

వనీటా వరండాలో చిక్కుడుకాయలు వలుస్తోంది.

"నీకు తెలుసు," అంది ఇమొజీన్. "గోడ పక్కన మొక్కలు నాటితే మందు పోతుందని నీకు తెలుసు. తెలిసే ఇచ్చావు. నా కొట్టం కూలితే పెళ్ళి నీ ఇంటికొస్తుందని."

వనీటా చేతిలో కాయ అలాగే ఉండిపోయింది. "గోడ పక్కన నాటావా?"

"మరెక్కడ నాటాననుకున్నావు?"

"ఉత్తరాల డబ్బా దగ్గరన్నావు కదక్కా."

ఇమొజీన్ తిరిగి రోడ్డవతల తన ఉత్తరాల డబ్బా వైపు చూసింది.

"గోడ పక్కనని ఒక్కమాట అనుంటే, అడుగు అవతల నాటమని చెప్పేదాన్ని. ప్రూయిట్ నాకూ చెప్పాడు." వనీటా కాయని గిన్నెలో వేసింది. "నేను రోజూ చూస్తూనే ఉన్నాను, మీ డబ్బా దగ్గర. ఉత్తరాలకోసం వెళ్ళినప్పుడల్లా. ఏప్రిల్ అయింది, మే అయింది. ఒక్క మొలకా లేదు. నేనిచ్చినవి కదా, పారేసి ఉంటావనుకున్నా."

ఇన్ని నెలలు ఆ మాట మనసులో పెట్టుకుని, ఎదురుపడినప్పుడల్లా అక్కా అని పిలిచిన మనిషిముందు ఇమొజీన్ మెట్టుమీద కూలబడింది. నేలని చూస్తూ అడిగింది.

"కాలీ పెళ్ళికి నీ కొట్టం ఇస్తావా?"

"అడగాలా?" అంది వనీటా. "నాకు పిల్లల్లేరు. నీ కొట్టంలో నలుగురు పిల్లలు, తర్వాత వాళ్ళ పిల్లలు, ఆ తాడుమీద ఊగుతూ అరుస్తుంటే ఇక్కణ్ణించి వింటూ కూచునేదాన్ని. ఒక్కోసారి కోపమొచ్చేది కూడా. ఇంత అల్లరి ఒక్క ఇంటికేనా అని. ఏం చెయ్యను, పూలు పెంచాను."

ఇమొజీన్ తలెత్తి చూసింది. వరండా నుంచి తన వంటింటి కిటికీ తిన్నగా కనిపిస్తోంది. ఇక్కణ్ణించి కూడా ఒకళ్ళు చూస్తుంటారని ఆమెకి ఎప్పుడూ తోచలేదు.

ఆ సాయంత్రమే ఇద్దరూ పారలు పట్టుకుని మడి తవ్వేశారు. మొగ్గలున్నా చామంతి కదిపితే తట్టుకుంటుందని వనీటా అంది. పన్నెండు దుబ్బుల్నీ తోపుడుబండిలో వేసుకుని ఉత్తరాల డబ్బా దగ్గరికి తెచ్చారు. పెళ్ళికూతురు నానమ్మ ఇంట్లో తయారై, ఈ పూల పక్కనుంచి రోడ్డు దాటి అవతలి కొట్టానికి వెళ్ళాలని అప్పటికప్పుడు అనుకున్నారు. ఇమొజీన్ ఒక దుబ్బు నాటేలోపు వనీటా మూడు నాటింది. ఇమొజీన్ అది కూడా గమనించింది.

ఆఖరి దుబ్బు చుట్టూ మట్టి నొక్కి, చేతులు దులుపుకుని, ఇమొజీన్ గొంతు సవరించుకుంది.

వనీటా చెయ్యి అడ్డం పెట్టింది. "థాంక్స్ చెప్పకక్కా. చస్తాయి."

"మొక్కలక్కాదు," అంది ఇమొజీన్. "కొట్టానికి."

ఆ మాట పైకి అని, తోపుడుబండి పట్టుకుని, వెనక్కి తిరిగి చూడకుండా ఇంటికి నడిచింది.