బ్రాకీ గది బయట

"కరెంటు పెట్టే దవాఖాన్ల పని చేసే పిల్లకు కడుపెట్ల నిలుస్తది?"

మా అత్తమ్మ సత్తెమ్మ పాల కోసం వచ్చిన పక్కింటావిడతో అంటోంది. నేను ఆ వాకిట్లోనే నల్లా దగ్గర కూర్చుని పాల క్యాన్లు తోముతున్నాను. నాకు వినబడకూడదనుకుంటే గొంతు తగ్గించేది. నన్ను బాధపెట్టాలనుకుంటే నా వైపు చూసేది. రెండూ చెయ్యలేదు. నేనక్కడ లేనట్టే మాట్లాడింది. సైదాబాద్‌లో ఇన్ని అపార్ట్‌మెంట్లు లేచినా ఇంకా బర్రెలున్న ఇల్లు మాది. మామయ్య పోయాక కూడా ఆమె వాటిని అమ్మలేదు. పాలు పోసే వేళకి సగం బస్తీ మా గుమ్మంలో ఉంటుంది. ఆ సగం బస్తీకీ నా కడుపు సంగతి తెలుసు.

మూడో నెలలో పోయింది. డాక్టరమ్మ స్కాన్ చూసి, నా చెయ్యి పట్టుకుని చెప్పింది. "మీ ఉద్యోగానికి దీనికి సంబంధం లేదమ్మా. మీ రేడియేషన్ బ్యాడ్జి రిపోర్టు చూసిన, అందులో ఏం లేదు. చానమందికి గిట్ల అయితది. ఎవ్వరి తప్పు లేదు." నా భర్త అంజన్ పక్కనే కూర్చుని అంతా విన్నాడు, తలూపాడు. ఆ మాట వాళ్లమ్మకి చెబుతాడని ఎదురుచూశాను. అన్నం దగ్గర చెబుతాడేమో, ఆదివారం తీరిగ్గా ఉన్నప్పుడు చెబుతాడేమో అనుకున్నాను. ఒక రోజు నేనే అడిగితే, "అమ్మకు సమజ్ కాదు నందినీ. ఊకో. అదే మర్చిపోతది" అన్నాడు. ఆమె మర్చిపోయేదాకా రోజూ పొద్దున్నే ఆ నింద నేను మొయ్యాలన్నమాట.

నేను చదివింది మెడికల్ ఫిజిక్స్. ఒక క్యాన్సర్ ఆసుపత్రిలో రెసిడెంట్‌గా శిక్షణలో ఉన్నాను. అక్కడిచ్చే రేడియేషన్‌నే మా బస్తీలో కరెంటు పెట్టడం అంటారు. గర్భసంచి ముఖద్వారానికి క్యాన్సర్ వచ్చిన ఆడవాళ్లకు లోపలికి సన్నటి గొట్టాలు అమరుస్తారు. బియ్యపు గింజంత ఇరిడియం ముక్క ఒక తీగ చివర ఉండి, మిషన్లోంచి ఆ గొట్టాల్లోకి వెళ్లి, ఒక్కోచోట కాసేపు ఆగి, తిరిగి మిషన్లోకి వచ్చేస్తుంది. దాన్నే బ్రాకీథెరపీ అంటారు. ఎక్కడ ఎంతసేపు ఆగాలో లెక్కగట్టి ప్లాన్ వెయ్యడం, ఆ లెక్క ప్రకారం మిషన్ నడిపించడం మా పని. కాస్త తప్పితే పక్కనున్న పేగు కాలుతుంది. ముక్క బయట ఉన్నంతసేపూ గదిలో పేషెంటు ఒక్కతే ఉంటుంది. మేం మందపాటి గోడ ఇవతల కన్సోల్ ముందు కూర్చుంటాం. నాకు తెలిసిన ఫిజిక్సంతా నా పక్షమే. అయినా స్నానాల గదిలో తలుపేసుకున్నాక, ఒంటికి ఎంత రేడియేషన్ తగిలిందో కొలిచే ఆ బ్యాడ్జి ఒకవేళ తప్పు చూపించిందేమో అని నేనే అనుకునేదాన్ని. నేనే చంపుకున్నానేమో అనుకునేదాన్ని. వాళ్ల మాట నాలోపలికి అంత దూరం వచ్చేసింది.

సెలవు అయిపోయి ఆసుపత్రికి వెళ్లేసరికి, నాతోపాటు చేరిన కృపాకర్ కన్సోల్ ముందు కూర్చుని ఉన్నాడు. ఆ వారం నా వంతు.

"సార్ నన్నే చెయ్యమన్నడు. నీకు చెప్పలేదా?" అన్నాడు మొహం తిప్పుకుని.

సార్ అంటే వైకుంఠం గారు, మా విభాగానికి పెద్ద. ఆయన గదికి వెళ్లాను. కుర్చీ చూపించి, చాలా మెత్తగా మాట్లాడారు.

"మీ ఆయన ఫోన్ చేసిండమ్మా. పాపం మస్తు ఫికర్ల ఉన్నడు. మళ్ల పిల్లల కోసం చూస్తుండ్రంట కద. ఎందుకు రిస్కు? నువ్వు కంప్యూటర్ మీద ప్లాన్లు వెయ్యి. బ్రాకీ రూం కృపాకర్ చూస్కుంటడు."

"నేను ప్రెగ్నెంట్ కాదు సార్."

"ఇయ్యాల కాదు. రేపు అయితే?"

కన్నతల్లికి డాక్టరమ్మ మాట ఒక్కటి చెప్పడానికి నోరు రాని మనిషి, ఎన్నడూ చూడని పరాయి మగాడికి ఫోన్ చేసి నా నెలసరి సంగతులు మాట్లాడాడు. ఈయన విన్నాడు. ఇద్దరూ ఒకరి మంచితనాన్ని ఒకరు మెచ్చుకుని ఫోన్ పెట్టేసి ఉంటారు. ఏమీ లేని నా కడుపుకి కాపలా కూర్చున్నారు. పెద్దవాళ్ల పర్యవేక్షణలో స్వయంగా ట్రీట్‌మెంట్లు చెయ్యనిదే నా శిక్షణ పూర్తికాదు. అది పూర్తికానిదే ఎక్కడా ఉద్యోగం ఇవ్వరు. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు.

ఇంట్లో అడిగితే అంజన్ టీవీ మీంచి కళ్లు తిప్పలేదు. "నీ మంచికే చేసిన. లొల్లి చెయ్యకు."

ఆ తర్వాత రోజులు ఎట్లా గడిచాయో సరిగా గుర్తులేదు. పొద్దున పిడకల వాసన, బస్సు, కంప్యూటర్ తెర, మళ్లీ బస్సు. బస్సు దిగకుండా చివరిదాకా వెళ్లిపోతే ఏమవుతుందని రోజూ ఆలోచించేదాన్ని.

ఒక సాయంత్రం ఆన్‌లైన్ క్లాసు జరిగింది. చాలా దేశాల రెసిడెంట్లకు కలిపి బ్రాకీథెరపీ నేర్పే క్లాసు అది. పడకగది తలుపు దగ్గరగా వేసి ల్యాప్‌టాప్ ముందు కూర్చున్నాను. పాఠం చెప్పే పెద్దావిడ, మీ అంతట మీరు ఎన్ని ట్రీట్‌మెంట్లు నడిపారు, నడపకపోతే ఎందుకని ఒక్కొక్కరినీ అడిగింది. నైజీరియా అమ్మాయి, మా మిషనుకి కొత్త సోర్సు, అంటే ఆ ఇరిడియం ముక్క, రాలేదు, పేషెంట్లను వెనక్కి పంపిస్తున్నాం అంది. నేపాల్ అబ్బాయి, మిషనుంది గానీ నేర్పేవాళ్లు లేరన్నాడు. నా వంతు వచ్చింది.

మా దగ్గర మిషనుంది, సోర్సుంది, నేర్పేవాళ్లున్నారు, బెంచీల నిండా పేషెంట్లున్నారు అన్నాను.

"మరి మీకేం అడ్డం?" అందావిడ.

ఇంగ్లిషులో ఎన్నో రకాలుగా చెప్పాలని చూశాను. చివరికి "నా భర్త ఫోన్ చేశాడు" అని మాత్రం వచ్చింది. ఎవరూ నవ్వలేదు. నవ్వినా బాగుండేది. ఆవిడ, "మీరు మీ చీఫ్‌తో మాట్లాడారా?" అంది. నేను ప్రెగ్నెంట్ కాదని చెప్పుకున్నాను తప్ప, నా పని నాకివ్వమని అడగలేదు. ఆ సంగతి అప్పుడే తెలిసింది. కెమెరా ఆపేసి ఏడ్చాను.

తలుపు తోసుకుని అత్తమ్మ వచ్చింది. "ఎవలేమన్నరు?"

అప్పుడు చెప్పేశాను. డాక్టరమ్మ ఏమందో, మీ కొడుకు నా పక్కన కూర్చుని ఎట్లా విన్నాడో, తర్వాత ఎవరికి ఫోన్ చేశాడో.

ఆమె గడప మీద కూలబడింది. చీర చెంగు వేళ్లకు చుట్టుకుంది.

"వాడు నాకు చెప్పలే" అంది. తర్వాత, "నాకూ కడుపులనే ఇద్దరు పోయిండ్రు, అంజన్ కంటె ముందు. నా నసీబ్ మంచిగ లేదన్నరు. పెండ ఎత్తుడు, గడ్డి మోపులు మోసుడు మాత్రం బంద్ చెయ్యమని ఎవ్వరనలే. కడుపు పోయిన దినం గూడ పాలు పిండిన."

లేచి బర్రెల దగ్గరికి వెళ్లిపోయింది. నన్ను దగ్గరికి తీసుకోలేదు, తప్పయిందనలేదు. ఆమె ఆ ఇద్దరి పేరు మీద ఎప్పుడైనా ఏడ్చిందో లేదో నాకు తెలియదు.

మర్నాడు ఆసుపత్రిలో, బ్రాకీ గది బయట బెంచీ మీద కాశమ్మ కూర్చుని ఉంది. ధూల్‌పేట్‌లో ఇళ్లల్లో పని చేసుకునే మనిషి. ఆమె ప్లాన్ వేసింది నేనే. "లోపలికి నువ్వొస్తవా బిడ్డా? మొన్న అందరు మొగోళ్లే ఉండ్రి. కండ్లు మూసుకుని పండుకున్న" అంది. నేను సార్ గదికి వెళ్లాను.

"కాశమ్మ ట్రీట్‌మెంటు నేను చేస్త సార్. మీరు పక్కన ఉండి చూడుండ్రి."

ఆయన కళ్లజోడు తీసి నిట్టూర్చారు. "మళ్ల అదేనా? నేను కాదంటలేనమ్మా. మీ ఆయన్ని ఒకసారి రమ్మను. ముగ్గురం కూసొని మాట్లాడుదాం."

సాయంత్రం ఇంటికి వెళ్తే ఏం జరుగుతుందో, అసలు ఆ ఇంటికే వెళ్తానో లేదో తెలియదు. బయట కాశమ్మ దగ్గు వినబడుతోంది.

"ఆయన రాడు సార్" అన్నాను. "నేనొచ్చిన."