అచ్చులు ఉండాలి, మనుషులు పోవాలి

అధికారి ఒకే రోజు రెండు పనులు చేశాడు. మా అద్దకం వీధికొచ్చి, మా తాతలనాటి చెక్క అచ్చులు దేశ వారసత్వమనీ, మ్యూజియానికి తీసుకుపోతున్నామనీ చెప్పాడు. తర్వాత గోడకు కాగితం అంటించాడు. ఆ అచ్చులు మోసుకుని సరిహద్దు దాటి వచ్చినవాళ్ళ పిల్లలం, మనవలం, మేము బయటివాళ్ళమట. నెలాఖరుకు దేశం విడిచిపోవాలట.

మేమేం చేశాం? వాడిన అచ్చును కడగకుండా వదలడం మా చేతులకు తెలియదు. రంగు కడిగి, ఆరబెట్టి, నూనె రాసి, గుడ్డల్లో చుట్టి మేమే వ్యాన్ ఎక్కించాం. అంచులు విరుగుతాయి, మెల్లగా పెట్టండని జాగ్రత్తలు కూడా చెప్పాం. వ్యాన్ కదిలాక గాని తెలివి రాలేదు.

కార్ఖానాలో మీటింగు పెట్టుకున్నాం. అర్జీ ఇద్దామన్నారు కొందరు. అవతలి దేశంవాళ్ళు మనల్ని ఎరుగుదురా అని ఆడవాళ్ళు అడిగారు.

"మనమూ ఒంటికి నూనె రాసుకుని గుడ్డ చుట్టుకుంటే ఉండనిస్తారేమో" అన్నాడు రంగులు కలిపేవాడు. నవ్వబోయి ఆగిపోయాం.

అచ్చులు చెక్కేది నా కోడలు. లేచి వెళ్ళి, మా ఇంటి తలుపు ఊడదీసి తెచ్చి, కార్ఖానా మధ్యలో పడేసి ఉలి అందుకుంది. వీధిలోని మొహాలన్నీ దానిమీద చెక్కింది. ముసలీ ముతకా, చంకల్లో పిల్లలతో సహా. రంగు పూసి, గుడ్డ పరిచి, అందరం దానిమీద నడిచి అద్దాం. ఆ గుడ్డలు పట్టుకుని మ్యూజియం మెట్లమీద నిలబడ్డాం. ఒకాయన గుడ్డ తడిమి చూసి, అమ్ముతారా అని అడిగాడు.

పోలీసులు గుడ్డలు లాక్కున్నారు. కార్ఖానాకు వచ్చి, తలుపు చెక్కిందెవరని అడిగారు. నేనే అన్నాను.

"ఊరుకోండి మామయ్యా, మీకు ఉలి పట్టడమే రాదు" అంది కోడలు. చేతులు కడుక్కుని వాళ్ళ వెంట నడిచింది. తలుపు కూడా పట్టుకుపోయారు. అంతమందిమి ఉండి, చూస్తూ నిలబడ్డాం.

ఇంటికొచ్చి గుమ్మంలో చతికిలబడ్డాను. ఎదురింట్లో తలుపు బందులు ఊడదీస్తున్న చప్పుడైంది. రంగులు కలిపేవాడు తన తలుపు భుజాన పెట్టుకుని కార్ఖానా వైపు నడిచాడు. వెనక మరొకరు తలుపుతో. వాళ్ళ వెనక ఇంకొకరు.

లేచి వెళ్ళాను. చెక్కడం మాలో ఎవరికీ సరిగా రాదు. చెక్కుతున్నాం.