ఎనిమిది మంది, ఒకే జవాబు

ఆ సీజను మొదట్లో నా చేతిలో ఉన్నవి మూడు. అనకాపల్లి బెల్లం మార్కెట్లో ముప్పై ఒక్క ఏళ్ళ వర్తకం; వేలంలో ఈ లోకనాథం పాట పాడాడంటే మిగిలిన వర్తకులు ఆగి చూసేంత పేరు; బుచ్చయ్యపేట జోగి వండే బెల్లం. మొదటి రెండూ నేను సంపాదించుకున్నవి. మూడోది జోగి చేతి చలవ.

జోగిది రెండెకరాల చెరకు. ఊళ్ళో చాలామంది చెరకు తీసేసి సరుగుడు వేసుకున్నారు. సొంత పెనం మీద వండేవాళ్ళలో తనే ఆఖరివాడు. రంగు కోసం పాకంలో ఏ పొడీ కలపడు. అందుకని అతని దిమ్మ కాస్త ముదురుగా కనబడుతుంది. కొసన చిన్న పెచ్చు విరిచి నోట్లో వేసుకుంటే తప్ప దాని సంగతి తెలియదు. ఇరవై ఆరేళ్ళుగా ఆ పెచ్చు విరిచేది నేను. నేను తల ఊపాకనే పాట మొదలయ్యేది.

సీజను మొదటి లోడు దించిన రోజున జోగి నాతో ఒక మాట అన్నాడు.

"ఈ ఏడు సూత్తాను బావా. గిట్టుబాటైతే మోళ్ళు ఉంచి, మళ్ళీ మొలిసే కార్శి పంట పెంచుతాను. నేదంటే పీకేసి నానూ సరుగుడేసేత్తాను. పెనం కూడా అమ్మేత్తాను. మా ఇంటిది అప్పుడే సణుగుతున్నాది."

"నీ బెల్లానికి గిట్టుబాటు కాకపోతే ఇంకెవడి బెల్లానికవుద్దిరా?" అన్నాను. మాట ఇవ్వడానికి ఖర్చేముంది!

సరిగ్గా ఆ వారంలోనే రోజలిన్ వచ్చింది. వాళ్ళ నాన్న తిమోతి మా కొట్లో ఇరవై ఏళ్ళు కాటా గుమాస్తాగా పనిచేశాడు. అమ్మాయి విశాఖలో ఒక కంపెనీలో చేస్తోంది. ఏం పనమ్మా అని అడిగితే ఓపిగ్గా చెప్పింది. మార్కెట్లో దిగిన ప్రతి లోడునీ ఫోనుతో ఫొటో తీస్తారు. రంగు, బరువు, పలికిన ధర కలిపి యాప్‌లో ఒక చుక్కగా పడతాయి. ఒక్కో రైతుకి ఒక్కో చుక్కల వరస. ఆ చుక్కలు చూసేవాడికి దారి చూపడం తన పని. ఎక్కడ చూడమనాలి, దేన్ని అనుమానించమనాలి, ఎంతవరకు చెప్పి ఎక్కడ ఊరుకోవాలి అన్నది తను తేల్చాలి.

రెండు రకాలుగా తయారుచేసి తెచ్చింది. మొదటి దాంట్లో ఎర్ర బాణం వస్తుంది: "ఇక్కడ నాణ్యత తగ్గుతోంది, ఈ సరుకు పాడకండి." రెండో దాంట్లో బాణం ఉండదు, ప్రశ్న ఉంటుంది: "ఈ చుక్కలు కిందికి దిగాయి. కారణం ఏమై ఉంటుంది? ఫొటోలు చూస్తారా?" కంపెనీకి బాణం ఇష్టం. రోజలిన్‌కి ప్రశ్న మీద నమ్మకం. ఎనిమిది మంది వర్తకులు వాడి చూసి ఏది మేలంటే అదే ఖాయం.

అందరికన్నా పెద్దవాణ్ణని ముందు నన్ను కూర్చోబెట్టింది.

"అంకుల్, పరీక్ష మీకు కాదు, నా పనికి. అర్థం కాని చోట ఆగి, అర్థం కాలేదని పైకే చెప్పండి. నాక్కావలసింది అదే" అంది.

ఏ వర్తకుడైనా చేయకూడని పని అదొక్కటే. మార్కెట్లో మనకి తెలియనిది ఎదుటివాడికి తెలిసిందంటే ఆ రోజుకి మన పని అయిపోయినట్టే. ఏ ఊరి సరుకో తెలియకపోయినా తెలిసినట్టే నిలబడతాం. బాణం ఉన్నదాన్ని రెండు నిమిషాల్లో ముగించాను. ప్రశ్న ఉన్నదానికి పదకొండు నిమిషాలు పట్టింది. చుక్క మీద నొక్కితే ఫొటో తెరుచుకుంటుందని అమ్మాయి ముందే చెప్పిందిట. నేను తల ఊపానే గాని వినలేదు. నేను ఎక్కడ తడుముకుంటే అక్కడ తను పుస్తకంలో ఏదో రాసుకుంటోంది. తిమోతి కూతురి ముందు చెమటలు పట్టాయి.

"ఈ బాణం అటువైపే ఎందుకు చూపించిందో తెలిసిందా అంకుల్?"

"తెలీకేటమ్మా! శుభ్రంగా తెలిసింది" అన్నాను.

బాణానికి అయిదు నక్షత్రాలు నొక్కాను. మార్కులు బాగా వేస్తే ఆ పిల్ల ఉద్యోగానికీ మంచిదే అనుకున్నాను. నా పరువు, ఆమె మేలు రెండూ ఒకే నొక్కుడుతో వచ్చేశాయని లోపల సంతోషించాను కూడా.

బయట మిగిలిన ఏడుగురూ బెంచీ మీద కూర్చొని ఉన్నారు. కన్నబాబు లేచి వచ్చాడు.

"ఏటి మామా, అంత చెమట పట్టేసింది? లోపల సూది గాని పొడిసేత్తన్నారేటి?"

"బాణం వచ్చినదానికి అయిదు నొక్కీ. రెండోది బుర్ర తినేత్తాది."

"ఎందుకని అడిగితేనో?"

"సులువుగా ఉన్నాదను."

"బతికించేవు" అని లోపలికి వెళ్ళాడు. వాడి వెనకాల మిగిలినవాళ్ళు. ఎనిమిది మంది ఒకే మాట చెప్పారని రోజలిన్ రాసుకుంది. చెప్పింది ఒక్కడే. ఆ ఒక్కడూ నిజం చెప్పలేదు.

డిసెంబరు నుంచి బాణం మా ఫోన్లలోకి వచ్చింది. పొద్దున్నే షెడ్లన్నీ తిరగక్కర్లేదు. టీ తాగుతూ చూసుకొని, బాణం లేని లోళ్ళ దగ్గరికే వెళ్ళేవాళ్ళం. రెండో వారంలో జోగి వరస మీద ఎర్రబాణం పడింది. చుక్కలు ఒక్కసారిగా కిందికి దిగి ఉన్నాయి. నేను మరోసారి చూశాను. నా మనసుకి అది నిజమనిపించలేదు. కాని ఎందుకు నిజం కాదో చెప్పలేకపోయాను. చెప్పలేనిదాన్ని పట్టుకొని డబ్బు పెట్టకూడదన్నది మా నాన్న నేర్పిన సూత్రం. ఆ రోజు జోగి లోడు దగ్గరికి వెళ్ళలేదు. లోకనాథం వెళ్ళలేదు కాబట్టి ఎవరూ వెళ్ళలేదు. జోగి మధ్యాహ్నం దాకా చూసి, ఒక చిల్లర కొట్టువాడికి మూడో రకం ధరకి ఇచ్చేసి పోయాడు.

మరుసటి వారమూ అంతే. ఆ పై వారం కూడా లోడు దగ్గరికి ఎవరూ రాకపోయేసరికి జోగి నేరుగా కొట్టు మెట్లెక్కాడు. చేతిలో తువ్వాల్లో కట్టిన బెల్లం ముక్క.

"ఏటి బావా, నానేటి తప్పు సేసేను? నా సరుకు కాడికి రావేటి?"

ఫోను తిప్పి చూపించాను. "సూడు. నీ సరుకు తగ్గుతున్నాదని చెప్తున్నాది."

"ఎవులు?"

"ఇదిగో, ఈ బాణం."

జోగి ఫోనుకేసి చాలాసేపు చూశాడు. "ఈ బాణం నా బెల్లం తిన్నాదా బావా?"

పక్కనున్న కన్నబాబు ఫక్కున నవ్వాడు. నాకూ నవ్వొచ్చింది. నవ్వాను. జోగి నవ్వలేదు. తువ్వాలు విప్పి ముక్క బల్ల మీద పెట్టాడు. అప్పుడే రాజమండ్రి పార్టీ ఫోను మోగింది. మాట్లాడి వచ్చేసరికి ముక్క అక్కడే ఉంది, జోగి లేడు. చీమలు పడతాయని సరుకు మోసే కలాసీ దాన్ని తీసి ఆవుకి పెట్టేశాడు.

తరవాతి వారం జోగి రాలేదు. ఆ పై వారమూ రాలేదు.

ఫిబ్రవరిలో రోజలిన్ మళ్ళీ వచ్చింది. ఈసారి ప్రశ్నలు అడగలేదు. పరీక్షలో బాగున్నది పనిలో ఎలా ఉందో చూడాలని రెండు రోజులు మా వెనకాలే తిరిగింది. రెండో రోజు మధ్యాహ్నం నా ఫోను తీసుకొని వరసలు పైకీ కిందికీ జరిపి చూస్తూ ఒక చోట ఆగింది.

"ఈ జోగి గారి చుక్కలు ఎప్పుడైనా తెరిచి చూశారా అంకుల్?"

"తెరుచుకుంటాయా?"

మాట నోరు దాటేసింది. అమ్మాయి తలెత్తి నా మొహంలోకి చూసింది. చుక్క మీద వేలు పెట్టింది. ఫొటో తెరుచుకుంది. జోగి దిమ్మలు. బొగ్గుల్లా ఉన్నాయి. ఇంకో చుక్క నొక్కింది, అదీ అంతే. మరొకటి నొక్కి, ఫొటోని వేళ్ళతో పెద్దది చేసింది. దిమ్మల మీదే కాదు, కింద సిమెంటు గచ్చు మీదా, పక్కన నిలబడ్డ జోగి తెల్ల చొక్కా మీదా నీలి రంగు పడి ఉంది.

డిసెంబరు మొదట్లో గాలివానకి మా పక్క షెడ్డు రేకులు ఎగిరిపోతే నీలం టార్పాలిన్ కట్టి సీజను నడిపిస్తున్నాం. జోగి ఎప్పుడూ లోడు దించేది అక్కడే. మా కొట్టుకి దగ్గరని. ఆ నీలం నీడలో ఫొటో తీస్తే ఏ బెల్లమైనా నల్లగానే పడుతుంది.

"ప్రశ్న అడిగినదాంట్లో ఇది మొదటి ఫొటోకే బయటపడేది" అంది రోజలిన్ మెల్లగా. "ఆ రోజు అర్థం కాలేదని ఒక్క ముక్క ఎందుకనలేదు అంకుల్?" అని అడిగింది.

"నీకు మంచి మార్కులు రావాలని..."

"నాకు మార్కులెందుకు? మీరు ఎక్కడ ఆగిపోయారో తెలిస్తే అక్కడ సరిచేసుకునేదాన్ని."

అన్ని లోళ్ళ మధ్య, అంతమంది కలాసీల ముందు ఆ పిల్ల కళ్ళు తుడుచుకుంది. తన పని తప్పయిందని ఏడ్చింది. తప్పు ఎవరిదో నాకు తెలుసు.

మర్నాడు ఇద్దరం ఆటోలో బుచ్చయ్యపేట వెళ్ళాం. జోగి పాక దగ్గర పొయ్యి గొయ్యి తెరిచి ఉంది. పైన పెనం లేదు. పొలంలో మోళ్ళు పీకేసి గట్టున కుప్ప పోశారు. సాళ్ళలో జానెడు సరుగుడు మొక్కలు.

జోగి వాకిట్లో నిలబడి కాపలావాళ్ళు వేసుకునే నీలం చొక్కాకి గుండీలు పెట్టుకుంటున్నాడు. అచ్యుతాపురం వైపు ఒక కంపెనీ గేటు దగ్గర పనిలో చేరాడట.

"రా బావా. ఎవులు, తిమోతి పిల్లా? కూకోమ్మా."

రోజలిన్ చెప్పబోయింది. నేను ఆపాను. నేనే చెప్పాను. టార్పాలిన్ సంగతి, ఫొటోల సంగతి, పరీక్ష రోజు సంగతి. "నాకు అర్థం కాలేదురా. అర్థమైందని చెప్పేను." ముప్పై ఒక్క ఏళ్ళలో ఎవరి ముందూ అనని మాట అది.

జోగి గుండీ పెట్టుకోవడం ఆపి విన్నాడు.

"అర్థం కాకపోతే నన్నడగాల్సింది బావా. నీ ఎదురుగానే నిలబడ్డాను గదా."

పెనం కొనిపెడతానన్నాను. వచ్చే ఏటికి విత్తనం చెరకు నాదే అన్నాను. జోగి తల అడ్డంగా ఊపాడు.

"పెనం ఎవులైనా కొంతారు. వండాల్సింది నాను. మూడు వారాలు నా దిమ్మల పక్కన నిలబడ్డాను. తెలిసినోళ్ళందరూ నన్ను దాటుకొని ఎలిపోయేరు. ఇప్పుడు గేటు కాడ నిలబడితే లారీలోళ్ళు ఆగి, నాకు చెప్పి మరీ ఎల్తన్నారు. ఇదే నయంగా ఉన్నాది."

బంగారుతల్లి, అతని భార్య, కాఫీ తెచ్చింది. ఒక గుక్క తాగి గ్లాసు కేసి చూశాను.

"పంచదారేసేను అన్నయ్యా" అంది. "బెల్లం నేదు ఇంట్లో."

బస్సు వేళయిందని జోగి వెళ్ళిపోయాడు. వెళుతూ నా భుజం తట్టాడు. తిట్టి ఉంటే బాగుండేది.

రోజలిన్ జరిగిందంతా రాసి కంపెనీకి పంపింది. తన పొరపాటు కింద, ఎనిమిది మందిని విడివిడిగా కాక ఒకే చోట కూర్చోబెట్టానని రాసుకుంది. ఏప్రిల్ నుంచి బాణం తీసేశారు. ఇప్పుడు ఫోను ప్రశ్నే అడుగుతుంది. కన్నబాబు విసుక్కుంటాడు, నేను ప్రతి చుక్కా తెరుస్తాను. టార్పాలిన్ తీయించి రేకులు వేయించాను. ఆ చోట ఇప్పుడు కె. కోటపాడు రైతులు దించుతున్నారు. సరుకు ఫరవాలేదు.

సీజను ఆఖర్న అమ్మాయి ఒక కాగితం పంపింది. ఈసారి నక్షత్రాలు లేవు, ఒకే ప్రశ్న: దీనివల్ల మీకు ఏం కలిసొచ్చింది? అబద్ధం రాయదలచుకోలేదు. రెండు రోజులు జేబులో పెట్టుకు తిరిగి, ఉన్న లెక్క ఉన్నట్టు రాసి పంపాను.

"షెడ్లన్నీ తిరిగే పని తప్పింది. పొద్దుట పూట అరగంట మిగులుతోంది. ఇదివరకు ఆ అరగంటా నేను జోగితో మాట్లాడుతూ ఉండేవాణ్ణి."