మిగిలిపోయిన స్ప్రింగు

మిషను మొత్తం బిగించేశాక గుడ్డ మీద ఒక స్ప్రింగు మిగిలింది.

ఫిట్టరు దాన్ని అటు తిప్పి చూశాడు, ఇటు తిప్పి చూశాడు. బొటనవేలంత ఉంది. ఎక్కడిదో ఎంతకీ బుర్రకెక్కలేదు. ఎదురుగా, తన అన్నయ్య రొట్టెల కొట్లోని పిండి కలిపే మిషను మూతలన్నీ బిగించుకుని బుద్ధిగా నిలబడి ఉంది. బోల్టులు బెజ్జాల్లోకి వెళ్లాయి, నట్లు బిగిశాయి, బేరింగులు కుదురుగా కూర్చున్నాయి, పళ్లచక్రాలు ఒకదాన్నొకటి పట్టుకున్నాయి. మరి ఇదెవరి సొత్తు?

మామూలుగా అతనికి ఇలాంటి తంటా రాదు. విప్పిన సామాను విప్పిన వరసలోనే గుడ్డ మీద పేర్చుకోవడం అతని పద్ధతి. బిగించేటప్పుడు చివరి నుంచి వెనక్కి వస్తే చాలు, బుర్రకు పనే లేదు. కానీ ఈసారి కొత్త బేరింగు కొనుక్కొచ్చేలోపు అమ్మ ఆ గుడ్డ దగ్గర కూర్చుంది. జిడ్డోడే ఇనుప ముక్కల్ని చూసి ఆవిడ ప్రాణం ఊరుకుంటుందా? అన్నిటినీ కిరసనాయిలుతో కడిగి, తుడిచి, నట్ల పక్కన నట్లు, స్ప్రింగుల పక్కన స్ప్రింగులు, పెద్దవాటి నుంచి చిన్నవాటి దాకా ముచ్చటగా సర్దిపెట్టింది. తిరిగొచ్చిన ఫిట్టరు అది చూసి నిలువునా నీరుగారిపోయాడు.

"ఎంత చిందరవందరగా పడేసి పోయావురా. ఇప్పుడు చూడు, కళ్లకెంత హాయిగా ఉందో," అంది అమ్మ.

ఏమంటాడు? హాయిగానే ఉందమ్మా అన్నాడు. ఆ తర్వాత తోచినట్టు బిగించాడు. స్ప్రింగు మిగిలింది. మళ్లీ విప్పి, మళ్లీ బిగించాడు. ఖర్మ, అదే స్ప్రింగు మళ్లీ మిగిలింది.

"అమ్మా, ఇది అసలీ మిషనుదేనా? కింద దొరికిందేమైనా ఇందులో కలిపావా?"

అమ్మ స్ప్రింగు చేతిలోకి తీసుకుని చూసింది. "గుడ్డ మీదే ఉన్నట్టు గుర్తు. బల్ల కింద కూడా ఏదో దొరికింది. అది నట్టో, ఇదో. అయినా దొంగను అడిగినట్టు అడుగుతావేంట్రా?"

దాంతో ఉన్న కాస్త తెలివీ తెల్లారింది. ఇంతలో అన్న వచ్చి స్విచ్చి వేశాడు. స్విచ్చి వేసి ఉన్నంతసేపూ ఆ మిషనులో మోటారు తిరుగుతూనే ఉంటుంది. లివరు లాగితే లోపలి చక్రాలు కలిసి గిన్నెలో తెడ్డు తిరుగుతుంది. నెడితే చక్రాలు విడిపోయి తెడ్డు ఆగుతుంది. అన్న లాగాడు, తిరిగింది. నెట్టాడు, ఆగింది.

"బంగారంలా ఉంది. ఇంకేం కావాలి నీకు?"

"ఈ స్ప్రింగు ఎందుకో తెలిసేదాకా గిన్నెలో చెయ్యి పెట్టకన్నయ్యా."

"అది లేకుండానే తిరుగుతోందిగా."

"అదే నాకర్థం కావట్లేదు. తిరక్కపోయినా బావుండేది, లోపమెక్కడో తెలిసేది."

అన్నకు ఆ మాట తలా తోకా లేనట్టు తోచింది. తెడ్డు ఆగాక గిన్నెలో మోచేతి దాకా చెయ్యి పెట్టి అంచుల పిండి గోకడం అతనికి రోజూ ఉండే పనే. మోటారు ఆపడు. ఆపితే మళ్లీ అందుకోవడానికి మొరాయిస్తుందని బద్ధకం. ఆ మోచెయ్యే ఫిట్టరు కళ్లలో మెదులుతోంది.

అన్న పిండి పోశాడు, నీళ్లు పోశాడు, లివరు లాగాడు. ముద్ద చక్కగా కలిసింది. లివరు నెట్టి, చొక్కా చెయ్యి పైకి మడిచాడు. ఫిట్టరు అతని భుజం పట్టుకుని ఆపాడు.

"చాదస్తం వదలవేంట్రా. అంత అనుమానమైతే నువ్వే పెట్టి చూడు," అని విసుక్కున్నాడు అన్న.

న్యాయమే అనిపించింది ఫిట్టరుకి. బిగించింది తనే కదా. చెయ్యి గిన్నె అంచు దాటించాడు. అంతలో భయం వేసింది, అన్న ముందు భయపడినందుకు సిగ్గూ వేసింది. చెయ్యి వెనక్కి తీసుకుని పక్కనున్న కర్ర గరిటె అందుకున్నాడు. అన్న నవ్వాడు. నవ్వితే నవ్వాడులే అనుకుని గరిటెతోనే గోకడం మొదలుపెట్టాడు. కింద మోటారు వణుకుతోంది. ఆ వణుక్కి లివరు కొద్దికొద్దిగా వెనక్కి, లాగిన వైపుకే జరుగుతున్న సంగతి ఎవరూ గమనించలేదు.

ఎవరూ ముట్టుకోకుండానే తెడ్డు గిర్రున తిరిగింది. గరిటె ఫటేల్మని విరిగింది.

ఫిట్టరు స్విచ్చి ఆపేశాడు. అప్పుడు అర్థమైంది. ఆ స్ప్రింగు ఉన్నది మిషను తిప్పడానికి కాదు, విడిపోయిన చక్రాలు వాటంతటవి కలవకుండా పట్టి ఉంచడానికి. లివరు పక్కన నూనె పోసే బెజ్జం అనుకుని అతను ఖాళీగా వదిలేసిన చోటే దాని స్థానం.

"నేను సర్దడం వల్లేనా ఇదంతా?" అంది అమ్మ.

"తెలీకుండా బిగించింది నేనమ్మా," అన్నాడు ఫిట్టరు.

అన్న ఇదేదీ వినడం లేదు. పిండి అంటిన చేత్తో తమ్ముడి మణికట్టు గట్టిగా పట్టుకుని నిలబడ్డాడు.

"వదులన్నయ్యా, మిషను విప్పాలి."

అన్న వదల్లేదు.

"నువ్వే పెట్టి చూడు అన్నాను," అన్నాడు. "ఏ నోటితో అన్నానురా."